పట్టికలో పేరు, పెట్టెలో పేరు

గత వేసవిలో ఒక సాయంత్రం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐదున్నర, విజయవాడలో రాత్రి తొమ్మిది అవుతుండగా మా మేనకోడలు ఫోన్ చేసింది. గన్నవరం దగ్గర ఒక కంపెనీలో చేరి మూడు నెలలే అయింది. విదేశీ ఖాతాదారు ఒకరి సోలారిస్ అనే యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పాత సర్వర్లను ఆమెకు అప్పగించారు. "మావయ్యా, బాక్స్ మోడల్ ఏదో రేపటికల్లా చెప్పమన్నారు. యూనేమ్ మైనస్ ఐ కమాండ్ కొడితే సన్4వీ అనే వస్తోంది. అది మోడలేనా?" అని అడిగింది.

కాదని చెప్పాను. అది సన్ సంస్థ ప్రాసెసర్ అయిన స్పార్క్‌తో నడిచే ఒక కుటుంబపు యంత్రాలన్నింటికీ ఉమ్మడి పేరు. ఇంటిపేరు చెప్పి మనిషి పేరు చెప్పకుండా ఊరుకోవడం వంటిది. అంతకు ముందు యంత్రాల మీద ఇదే కమాండ్ "ఎస్‌యూఎన్‌డబ్ల్యూ, సన్ ఫైర్ వీ240" అంటూ పూర్తి పేరు చెప్పేది. ఆ ముందరి నాలుగు అక్షరాలు స్టాక్ మార్కెట్‌లో సన్ మైక్రోసిస్టమ్స్ షేరుకు ఒకప్పటి గుర్తు. 2010లో ఆ సంస్థను ఒరాకిల్ కొనేసిన తరువాత కూడా పాత పెట్టెలు తమను ఆ అక్షరాలతోనే పరిచయం చేసుకుంటున్నాయి. అందులోనూ ఒక తిరకాసు ఉంది: టీ2000 సర్వర్ తన పేరు టీ200 అని చెబుతుంది. ఇక ఇంటెల్ ప్రాసెసర్ మీద నడిచే సోలారిస్ అయితే ఎవరు తయారు చేసిన యంత్రమైనా ఐ86పీసీ అని ఊరుకుంటుంది. అందువల్ల యంత్రపు వివరాలు చూపే కమాండ్ అయిన పీఆర్‌టీడయాగ్ నడిపి మొదటి వరుస చూడమన్నాను. అయితే ఆమె లాగిన్ అయినది సోలారిస్ ఒకే యంత్రాన్ని విడగొట్టిన భాగాల్లో ఒకటైన లోపలి జోన్‌లో కావడంతో అది నడవనని మొరాయించింది. యంత్రమంతా కనిపించే గ్లోబల్ జోన్‌లోకి వెళ్లడానికి అనుమతి తెచ్చుకుని మళ్లీ ఫోన్ చేస్తానంది.

ఆ అరగంటా నేను వీ240 గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. జర్మనీకి వచ్చిన మొదటి ఏడాది, నేను చూసే సర్వర్లలో ఒకదాని పవర్ సప్లై చెడిపోయే సూచనలు ఇచ్చింది. ఆస్తుల పట్టికలో వీ240 అని ఉంది. దానికి రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది నెట్టుకొస్తుంది కనుక తెల్లవారాక మార్చవచ్చునని రాసి ఇంటికి వెళ్లిపోయాను. నిజానికి అక్కడ ఉన్నది వీ210. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ, వీ210 ఎత్తు సగమే, డిస్కులు నాలుగుకు బదులు రెండే, పవర్ సప్లై ఒక్కటే. అర్ధరాత్రి అది కాస్తా ఆరిపోయింది. యూనేమ్ ఒక్కసారి కొట్టి చూసుకుని ఉంటే ఆ రాత్రే మార్పించి ఉండేవాడిని. తప్పు పట్టికది కాదు, అడగకుండా నమ్మిన నాది.

మర్నాడు నేలమాళిగలోని సర్వర్ల రాక్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ వెలుగులో పెట్టె అంచున ఉన్న స్టిక్కరు చదువుతుంటే మా నాన్న కళ్లలో మెదిలారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. బండికి సామాను తెప్పించవలసి వస్తే యజమాని చూపించే ఆర్‌సీ పుస్తకం ఒక్కటే చూసి ఎన్నడూ ఆర్డరు చెప్పలేదు. బండి కిందికి దూరి, గ్రీజు పేరుకున్న చాసిస్‌ను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చెక్కిన అంకెల మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో అడ్డంగా రుద్దేవారు. నల్లటి గీతల మధ్య అంకెలు తెల్లగా తేలేవి. ఆ ముక్కను నా చేతికిచ్చి, మడత పడకుండా సామాన్ల కొట్టుకు తీసుకెళ్లమనేవారు.

యూనిక్స్‌లో ఆ అచ్చు తీసే పద్ధతి తయారీదారును బట్టి మారుతుంది. హెచ్‌పీ వారి హెచ్‌పీ-యూఎక్స్‌లో మోడల్ అని కొడితే చాలు, నేరుగా చెబుతుంది. ఐబీఎం వారి ఏఐఎక్స్‌లో యూనేమ్‌కు పెద్ద ఎం తగిలించాలి; చిన్న ఎం ఇస్తే మోడల్ బదులు యంత్రపు గుర్తింపు సంఖ్య వస్తుంది. లినక్స్‌లో ఈ పని చేసే డీఎంఐడీకోడ్‌కు సాధారణంగా రూట్, అంటే సర్వాధికారి, అనుమతి కావాలి. సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన వర్చువల్ మెషీన్‌లో అయితే అది వీఎంవేర్ పేరో మరొకటో చెబుతుంది తప్ప కింద ఉన్న ఇనుప పెట్టె పేరు చెప్పదు.

సీరియల్ నంబరు దగ్గర నేను మరింత జాగ్రత్తగా ఉంటాను. చాలా పాత స్పార్క్ యంత్రాల్లో చాసిస్ మీది నంబరు ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియదు. అందుకోసం వచ్చిన స్నీప్ అనే పరికరం దాన్ని కరెంటు పోయినా చెరగని ఈప్రామ్ మెమరీలో దాచిపెడుతుంది. కానీ అక్కడ ఉండేది ఎవరో ఒకరు స్టిక్కరు చూసి టైపు చేసినదే. ఎనిమిదిని మూడుగా చదివి ఉంటే మూడే ఉంటుంది. అంటే అది కూడా ఆర్‌సీ పుస్తకమే, చాసిస్ అచ్చు కాదు.

విజయవాడలో పది కావస్తుండగా మేనకోడలు మళ్లీ ఫోన్ చేసి, పీఆర్‌టీడయాగ్ మొదటి వరుసను మెల్లగా చదివింది: "సిస్టమ్ కాన్ఫిగరేషన్, ఒరాకిల్ కార్పొరేషన్, సన్4వీ, స్పార్క్ టీ4-1."

కాసేపు ఆగి, "మా పట్టికలో టీ4-2 అని ఉంది మావయ్యా. ఇప్పుడే మార్చమంటావా?" అంది.

"ఆ వరుసను ఉన్నదున్నట్టు కాపీ చేసి దాని పక్కనే పెట్టు, తరువాత మార్చు" అన్నాను.