వాంకూవర్ వీధులు, అలాస్కా మంచు

విశాఖలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఓడలు నాకు కొత్త కాదు. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి హార్బర్‌లోకి వచ్చే సరుకు ఓడల్ని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఓడ ఎక్కడం మాత్రం అరవై దాటాక, అదీ కెనడాలోని వాంకూవర్ రేవులో రాసిపెట్టి ఉంది. మావారు పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అన్నేళ్లు ఓడల మధ్య ఉద్యోగం చేసిన మనిషికి సింహాచలం ఘాట్ రోడ్డెక్కితేనే కడుపులో తిప్పుతుంది. అందుకే సియాటిల్‌లో ఉండే మా అమ్మాయి "అలాస్కా క్రూయిజ్ బుక్ చేస్తాను, మీరిద్దరే వెళ్లి రండి" అన్నప్పుడు ఆయన మొదట అడిగింది ధర కాదు, అలల సంగతి.

ఈ అలల విషయం తెలుసుకుని వెళ్లడం మంచిది. సియాటిల్ నుంచి కూడా అలాస్కాకు బోలెడు ఓడలు వెళ్తాయి. కానీ అవి ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి బయటి వైపు నుంచి, అంటే పసిఫిక్ మహాసముద్రంలోంచి పోతాయి. వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు ఆ ద్వీపానికీ కెనడా ప్రధాన భూభాగానికీ మధ్యనున్న సన్నటి జలమార్గంలోంచి వెళ్తాయి. రెండు వైపులా కొండలు అడ్డం కాబట్టి నీళ్లు చాలావరకు చెరువులా ఉంటాయి. సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఎందుకు ఆగుతాయో కూడా అమ్మాయే చెప్పింది. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉందట. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, దారిలో వేరే దేశం రేవు తాకకుండా మళ్లీ అమెరికాలోనే దింపకూడదు. క్రూయిజ్ ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా కావాలి. మా ఊళ్లో ఒక ట్రావెల్ ఏజెంటు "అమెరికా వీసా ఉంటే చాలండీ" అని ధీమాగా చెప్పాడు. అమ్మాయి చూసుకోబట్టి సరిపోయింది.

సియాటిల్ నుంచి వాంకూవర్‌కి రైల్లో వెళ్లాం. చాలా దూరం పట్టాలు సముద్రం అంచునే ఉంటాయి. వాంకూవర్‌లో దిగిన దగ్గర్నుంచీ మావారి కాలు నిలవలేదు. అక్కడి స్కైట్రైన్‌కు డ్రైవర్ ఉండడు. ముందు పెట్టెలో అద్దం పక్క సీటు ఖాళీ అయితే చిన్నపిల్లలతో పోటీపడి కూర్చునేవారు. నేను నాలుగు వరసల వెనక, ఈయనెవరో నాకు తెలియనట్టు.

నగరం మధ్యలోనే స్టాన్లీ పార్క్ ఉంది. 400 హెక్టార్ల పైనే, అందులో సగానికి పైగా అడవే. దాని చుట్టూ నీళ్ల అంచున కట్టిన నడకదారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మావారు మొత్తం నడవాల్సిందే అన్నారు. నేను స్థానిక తెగలవాళ్లు చెక్కిన టోటెమ్ స్తంభాల దగ్గర బెంచీ చూసుకున్నాను. ఒకే దేవదారు మానులో కాకి, తిమింగలం, ఎలుగుబంటి ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. ఒక్కో స్తంభం ఒక్కో వంశం కథ. మన గుడి గోపురం మీద బొమ్మలు చూసి కథ చెప్పుకున్నట్టే. ఆయన తిరిగొచ్చేసరికి లయన్స్ గేట్ వంతెన గురించి చెప్పడానికి బోలెడు పోగేసుకొచ్చారు. 1938లో కట్టారట. దాని కింద 61 మీటర్ల ఖాళీ ఉంటుంది. "ఎల్లుండి మన ఓడ దీని కిందనుంచే పోవాలి, తెలుసా?" అన్నారు, తనే నడపబోతున్నట్టు.

గ్యాస్‌టౌన్‌లో ఆవిరి గడియారం చుట్టూ పెద్ద గుంపు. అందరూ నూరేళ్ల నాటిదనుకుని ఫోటోలు దిగుతారు గానీ అది 1977లో పెట్టింది. అక్కణ్నుంచి రెండు మూడు వీధులు నడిస్తే ఈస్ట్ హేస్టింగ్స్. మత్తుమందులకు బలైపోయిన మనుషులు పట్టపగలు ఫుట్‌పాత్‌ల మీద వంగిపోయి నిలబడి ఉంటారు. అంత డబ్బున్న ఊళ్లో ఆ వీధి ఉందని ఎవరూ ముందుగా చెప్పరు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

రేవు దగ్గరి కోల్ హార్బర్‌లో నీళ్లకు ఎదురుగా ఒక స్మారకం ఉంది. 1914లో కొమగాటా మారు అనే ఓడలో 376 మంది మనవాళ్లు, ఎక్కువమంది పంజాబీలు, ఇక్కడికి వచ్చారు. భారతదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చిన ఓడలో ఉన్నవాళ్లనే దిగనివ్వాలని అప్పటి కెనడా నిబంధన. అంత దూరం ఆగకుండా వచ్చే ఓడే లేదని తెలిసే పెట్టారు దాన్ని. కొద్దిమందిని తప్ప ఎవర్నీ దిగనివ్వకుండా రెండు నెలలు నీళ్ల మీదే ఉంచి, చివరికి వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో వాళ్లలో పలువురు చనిపోయారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. ఆ గోడ మీద చెక్కిన పేర్లు మావారు ఒక్కొక్కటే చదువుతూ వెళ్లారు. నేను తొందరపెట్టలేదు.

ఓడ ఎక్కేది కెనడా ప్లేస్ దగ్గర. 1986 ఎక్స్‌పో కోసం కట్టిన భవనం అది. పైన అయిదు తెల్లటి తెరచాపలుంటాయి. అలాస్కా అమెరికాదే కదా, తమాషా ఏమిటంటే ఆ అమెరికా ఇమిగ్రేషన్ కెనడా గడ్డ మీదే, ఓడ ఎక్కకముందే అయిపోతుంది. క్యూలో చాలాసేపు నిలబడ్డాం. లోపలికి వెళ్లాక ప్రమాదం వస్తే ఏ పడవ దగ్గరికి చేరాలో చూపించారు. అది తప్పించుకోవడానికి వీల్లేదు. సాయంత్రం ఓడ కదిలి వంతెన కిందికి వచ్చినప్పుడు పై డెక్ మీదున్న వాళ్లంతా పొగగొట్టం తగులుతుందేమోనని తలెత్తి చూశారు. తగల్లేదు.

ఓడ లోపలి సంగతి ఎక్కువ రాయను. పాటలు, ఆటలు, కాసినో, స్విమ్మింగ్ పూల్, తెల్లారి లేస్తే బఫే. రెండో రోజుకే ఆ బఫే మొహం మొత్తింది. శాకాహారులు అక్కడ పళ్లూ రొట్టెలతో సరిపెట్టుకోనక్కర్లేదు. రాత్రి భోజనం బల్ల దగ్గర మర్నాటి సంగతి ముందే చెబితే చాలు. మాకు వడ్డించిన అబ్బాయిది కేరళ. వంటగదిలో మనదేశం వాళ్లున్నారని చెప్పి, మర్నాటి నుంచి పప్పూ అన్నం తెప్పించాడు. నా సంచిలోని కందిపొడి చూసి అతనే ఒక స్పూను అడిగి తీసుకున్నాడు.

మొదటి పొద్దంతా సముద్రంలోనే. ముందు రాత్రి ఓడ సేమర్ నారోస్ అనే ఇరుకు దాటింది. అక్కడ నీళ్లలో దాగిన రిపుల్ రాక్ అనే బండ నూరు పైచిలుకు ఓడల్ని, పడవల్ని ముంచడమో దెబ్బతీయడమో చేసిందట. 1958లో దాని కిందికి సొరంగం తవ్వి, పేలుడు మందు కూరి పేల్చేశారు. ఇప్పటికీ ఓడలు అక్కడ పోటూ పాటూ మారే వేళ చూసుకునే దాటుతాయి. మావారు ఇదంతా చెప్పేవరకూ నాకు హాయిగా నిద్ర పట్టేది.

జునో అలాస్కా రాజధాని. అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడ మీదో విమానంలోనో రావాల్సిందే. ఆటుపోట్ల తేడా అక్కడ దాదాపు అయిదు మీటర్లు. మన విశాఖలో రెండు మీటర్లు కూడా ఉండదు. పొద్దున మేం దిగిన నిచ్చెన వంతెన సాయంత్రానికి బాగా వాలిపోయింది. అందరూ నగల దుకాణాల్లోకి వెళ్తుంటే మావారు రేవు స్తంభాల మీద నీటి మరకలు చూస్తూ నిలబడ్డారు. నిజానికి ఆ దుకాణాల్లో చూడాల్సింది ఏమీ లేదు. ఏ రేవులో దిగినా అవే వజ్రాలు, అవే డిస్కౌంట్ బోర్డులు. బస్సెక్కి మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గరికి పోవడం మేలు. మంచు గతంలో ఎక్కడిదాకా ఉండేదో అక్కడ చూపిస్తారు. ఇప్పుడది చెరువు అవతలికి జరిగిపోయింది.

తర్వాతి రేవు స్కాగ్‌వేలో రైలెక్కాం. 1897లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం దొరికిందన్న వార్తకి వేలమంది ఎగబడి ఈ కొండలెక్కారు. కెనడా పోలీసులు ఏడాదికి సరిపడా తిండీ సామానూ లేనివాళ్లను సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. అంటే ఒక్కొక్కరూ సుమారు టన్ను బరువు మోయాలి. ఆ దారిలో మూడు వేల గుర్రాలు చచ్చాయట. ఆ లోయకు ఇప్పటికీ ఆ గుర్రాల పేరే. వైట్ పాస్ రైలుమార్గం 1898లో మొదలై 1900కి పూర్తయింది, తీరా అప్పటికి బంగారం వేడి చల్లారిపోయింది. ముప్ఫై రెండు కిలోమీటర్లలో 870 మీటర్లు ఎక్కుతుంది. అరకు రైల్లో పుట్టి పెరిగినవాళ్లం కదా అని కిటికీ పక్కన ధైర్యంగా కూర్చున్నాను గానీ, ఒక చెక్క వంతెన మీదికి రాగానే కళ్లు మూసుకున్నాను. మావారికి మాత్రం కడుపులో తిప్పలేదు. రైలు పట్టాలంటే నమ్మకమట.

ఇక గ్లేసియర్ బే. ఈ ప్రయాణంలో డబ్బుకు తగ్గది ఏదని అడిగితే నేను ఈ ఒక్క రోజునే చూపిస్తాను. జాతీయ పార్కు కాబట్టి రోజుకు రెండు క్రూయిజ్ ఓడలకే అనుమతి. పొద్దున్నే చిన్న పడవలో పార్కు రేంజర్లు వచ్చి, కదులుతున్న మా ఓడ పక్కన వేలాడే నిచ్చెన పట్టుకుని పైకెక్కేశారు. తర్వాత రోజంతా మైకులో వాళ్లే మాకు గురువులు.

1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ మనుషులు ఇక్కడికి వచ్చినప్పుడు ఇది అఖాతమే కాదు. ముఖద్వారం దగ్గరే మంచు గోడ అడ్డం నిలిచి ఉందట. మేం బయల్దేరిన నగరానికి ఆ కెప్టెన్ పేరే. ఇప్పుడు ఆ మంచు దాదాపు నూరు కిలోమీటర్లు వెనక్కి పోయింది. మా ఓడ ఉదయమంతా పోయింది ఆ మంచు ఖాళీ చేసిన దారిలోనే. ముందు పచ్చటి అడవి, తర్వాత పొదలు, తర్వాత నాచు, చివరికి ఒట్టి రాయి. లోపలికి పోయేకొద్దీ నేల వయసు తగ్గుతూ వస్తుంది.

చలికి కాళ్లు కొయ్యబారుతున్నా అందరూ ముందు డెక్ మీదే నిలబడ్డారు. వేడిగా బఠాణీల సూప్ పంచారు. అందులో పంది మాంసం ఉంటుందని మా కేరళ అబ్బాయి ముందే చెవిలో వేశాడు, మేం టీతో సరిపెట్టుకున్నాం. "ఏవండీ, మఫ్లర్ కట్టుకోండి" అంటే వినలేదు.

మధ్యాహ్నానికి మార్జరీ హిమానీనదం ఎదురుగా వచ్చి ఓడ ఆగింది. దాని వెడల్పు మైలు, నీటిపైన ఎత్తు దాదాపు 75 మీటర్లు. ఫోటోల్లో తెల్లగా కనిపిస్తుంది గానీ ఎదురుగా నిలబడితే పగుళ్లలో నీలం. ఒత్తిడికి గాలి బుడగలు పోయి గట్టిపడిన మంచు ఎరుపును పీల్చుకుని నీలాన్నే బయటికి వదులుతుందని రేంజరు చెప్పింది. ఓ మూల చిన్న ముక్కలు రాలడం మొదలైంది. అవి చూస్తుండగానే ఇల్లంత పలక ఒకటి చప్పుడు లేకుండా విడిపోయి నీళ్లలో పడింది. ఒక క్షణం తర్వాత వచ్చింది చప్పుడు, ఉరుములా. తర్వాత ఇంకో నిమిషానికి అల. ఓడ కాస్త ఊగింది. నేను రెయిలింగ్ పట్టుకుని మావారి వంక చూశాను. ఆయన కడుపు సంగతి మర్చిపోయి టైమ్ చూసుకుంటున్నారు, చప్పుడు ఎంత ఆలస్యమైందో లెక్క కట్టి దూరం తేల్చడానికి.

అందరి కెమెరాలూ అటే. పక్కనే నల్లగా, రాళ్లూ బురదా కప్పుకుని ఒక దిబ్బ ఉంది. అది గ్రాండ్ పసిఫిక్ హిమానీనదం. అఖాతమంతా నింపిన మంచుగోడకు మిగిలిన రూపం అదేనని రేంజరు చెప్పాక నేను అటు తిరిగి నిలబడ్డాను. నా వైపు నలుగురు కూడా లేరు.

బాల్కనీ గది ఏ వైపు తీసుకోవాలని చాలామంది తలలు బద్దలు కొట్టుకుంటారు. ఇక్కడ ఓడ నెమ్మదిగా చుట్టూ తిరిగి రెండు వైపులా చూపిస్తుంది. కిటికీ లేని చవక గదైనా ఫరవాలేదు, ఆ డబ్బుతో మంచి కోటు కొనుక్కోండి.

కెచికాన్‌లో దిగేసరికి వాన. అక్కడ ఏడాదికి పడే వాన విశాఖ కన్నా మూడు రెట్లకు పైనే. వాగు మీద గుంజలు పాతి కట్టిన క్రీక్ స్ట్రీట్ ఇళ్లు చూసి తిరిగొచ్చేశాం.

వాంకూవర్‌లో దిగే పొద్దున ఓడ లోపల పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా హడావుడి. రేవులో లారీల నిండా కూరగాయలు, పాలు, గుడ్లు. అదే రోజు సాయంత్రం మరో రెండు వేల మందితో మళ్లీ అలాస్కాకే బయల్దేరుతుందట. కేరళ అబ్బాయికి నా కందిపొడి సీసా ఇచ్చేశాను. "ఇంకో నాలుగు నెలలు గడపాలి ఆంటీ" అన్నాడు నవ్వుతూ. మా రైలు సాయంత్రానికి. సామాను స్టేషన్లో పెట్టేసి గ్రాన్‌విల్లే ఐలండ్ మార్కెట్‌కి వెళ్లి చెర్రీ పళ్లు కొన్నాం. కిలో ధర రూపాయల్లోకి మార్చి చెప్పబోతున్న మావారి నోట్లో ఒకటి పెట్టేశాను.