అబద్ధాలాడే బట్లరు, తప్పు ఒప్పుకున్న ప్రొఫెసరు

రెండు నెలల్నుంచి ఇక్కడ ఏమీ రాయలేదు కానీ చదవడం మాత్రం ఆపలేదు. ఆరు పుస్తకాలు మొదలుపెట్టా, నాలుగు పూర్తయ్యాయి, ఒకటి సగంలో ఉంది, ఇంకోదాన్ని విసిరికొట్టా (నిజంగా విసరలేదు లెండి, ఈ-రీడర్ కదా, డిలీట్ నొక్కా, కానీ విసిరినంత తృప్తి అందులో ఎక్కడిది).

ముందు ఇంగ్లీషు నవలాకారుడు కజువో ఇషిగురో గురించి చెప్పేయాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని నీడలోనే చదివా. 'ద రిమెయిన్స్ ఆఫ్ ద డే' 1989లో వచ్చింది, ఆ ఏడాదే బుకర్ బహుమతి కూడా కొట్టింది. మా అక్క ఏళ్ళ తరబడి చదవమని పోరుతోంది, నేనేమో రెండుసార్లు మొదలుపెట్టి, వెండి సామాన్లకి పాలిష్ పెట్టడం గురించి ఇంత చెప్తున్నాడేంట్రా బాబూ అని పక్కన పడేశా. ఈసారి ఫోన్లో ఒక్క మాటంది: "కథ చెప్పే ఆ బట్లరు చెప్పిందల్లా నమ్మి చదువుతున్నావే నువ్వు, అందుకే బోరు కొడుతోంది". అంతే, మూడో రోజుకి అయిపోయింది.

స్టీవెన్స్ అని ఇంగ్లండులో ఒక పెద్ద బంగళాలో బట్లరు. 1956లో కొత్త యజమాని కారిచ్చి నాలుగు రోజులు తిరిగి రమ్మంటే బయల్దేరతాడు, ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట అదే ఇంట్లో పనిచేసి వెళ్ళిపోయిన మిస్ కెంటన్‌ని కలవడానికి. ఎందుకయ్యా అంటే, ఇంట్లో పనివాళ్ళు తక్కువయ్యారు, ఆవిడ మళ్ళీ వస్తుందేమో కనుక్కుందామని అంటాడు. మనతోనే కాదు, తనతో తను కూడా అదే అనుకుంటుంటాడు.

ఇందులో ఒక సీన్ ఉంది. కింద పెద్ద పెద్ద వాళ్ళతో కాన్ఫరెన్స్ జరుగుతోంది, పైన గదిలో స్టీవెన్స్ తండ్రి చనిపోతున్నాడు, ఈయన మాత్రం కింద గ్లాసులు నింపుతూ తిరుగుతున్నాడు. కథ చెప్పేది తనే కదా, నాకు ఏడుపొచ్చింది అని ఒక్క ముక్క అనడు. కాసేపటికి యజమాని వచ్చి, నువ్వు ఏడుస్తున్నట్టున్నావే అంటాడు. ఈయన నవ్వేసి మొహం తుడుచుకుని, ఇవాళ పని ఎక్కువైంది సార్ అన్నట్టు ఏదో చెప్తాడు. అప్పుడు గానీ మనకి తెలీదు! నేను వెనక్కెళ్ళి ఆ రెండు పేజీలూ మళ్ళీ చదివా, కన్నీళ్ళ మాట ఎక్కడైనా మిస్సయ్యానేమో అని. లేదు. తన మొహం మీద ఏముందో తనే మన దగ్గర దాచాడు.

ఇంకోటి, ఒక సాయంత్రం ఈయన తన గదిలో కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటుంటే మిస్ కెంటన్ వచ్చి ఏంటది అని అడుగుతుంది. చూపించడు, గుండెలకి హత్తుకుని కూర్చుంటాడు. ఆవిడ దగ్గరకొచ్చి ఒక్కో వేలూ విడదీసి లాక్కుంటే తీరా అదొక మామూలు ప్రేమ నవల. దానికి ఆయన ఇచ్చే సంజాయిషీ, ఇంగ్లీషు మెరుగుపడుతుందని చదువుతున్నాట్ట! ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం పుస్తకం మొత్తంలో నాకు గుర్తున్నంతవరకు అదొక్కసారే. పాపం ఆయన్ని చూసి నవ్వాను గానీ, ఏం చదువుతున్నావు అని ఎవరైనా అడిగితే గొప్పగా ఉంటుందని వేరే పేరు చెప్పిన రోజులు నాకూ ఉన్నాయి.

అలాగని ఇదొక మౌన ప్రేమకథ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈయన తన జీవితమంతా ధారపోసిన లార్డ్ డార్లింగ్టన్ నాజీలతో చేతులు కలిపిన మనిషి, యూదులని ఇద్దరు పనిపిల్లల్ని తీసేయమంటే ఈయన మారు మాట్లాడకుండా తీసేశాడు. హుందాతనం హుందాతనం అని పుస్తకమంతా జపం చేసినవాడికి అసలు అవసరమైన చోట నోరు పెగల్లేదు. నాకు నచ్చంది ఒకటే, దారిలో కారు ఆగిపోయి ఒక పల్లెటూళ్ళో రాత్రి ఉండిపోతాడు చూడండి, అక్కడ ఊరివాళ్ళు ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుకునే భాగం కాస్త సాగింది, పాత్రల వెనకాల నుంచి రచయిత గొంతు వినిపించింది. మిగతా అంతా బిగుతుగా ఉంది. మొదటి డ్రాఫ్టు నాలుగు వారాల్లో రాశాట్ట, ఫోన్లు ఎత్తకుండా, ఎవర్నీ కలవకుండా, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదిన్నర దాకా. ఆ నెలంతా తన వంతు వంటా ఇంటిపనీ కూడా భార్యే చేసిందని ఆయనే చెప్పుకున్నాడు. అది మాత్రం గుర్తుపెట్టుకున్నా.

దీని తర్వాత నాన్‌ఫిక్షన్ పట్టుకుంటే పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ప్రతివాడూ అంతా తెలిసినట్టే మాట్లాడుతున్నాడు! ఆ డిలీట్ చేసింది అలాంటిదే, పేరు చెప్పను, అలవాట్లు మార్చుకోవడం గురించి. ప్రతి అధ్యాయంలో ఒక సైంటిస్టు, ఒక కంపెనీ కథ, చివర్లో ఒక నీతి. నాలుగో అధ్యాయానికి తర్వాత ఏమొస్తుందో నేనే చెప్పేస్తున్నా.

సైకాలజీ ప్రొఫెసర్ డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' (2011) కూడా ఆ కోవలోకే పోతుందని భయపడ్డా. లావు పుస్తకం, మధ్యలో లెక్కలొచ్చిన చోట రెండుసార్లు నిద్రపోయా, దాచేదేముంది. కానీ జ్ఞాపకం గురించి చెప్పిన భాగం ఇంకా వదల్లేదు నన్ను. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష) చేయించుకునే పేషెంట్లని నిమిషానికోసారి నొప్పి ఎంతుందో అడిగి రాసుకున్నారు, తర్వాత మొత్తం మీద ఎలా ఉందో అడిగారు. ఒకాయనకి 8 నిమిషాల్లో అయిపోయింది కానీ నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడే ఆగింది, ఇంకొకాయనకి 24 నిమిషాలు పట్టింది కానీ చివర్లో నొప్పి తగ్గుతూ వచ్చింది. లెక్క ప్రకారం ఎక్కువ బాధపడింది రెండో ఆయన, కానీ ఘోరంగా ఉందని గుర్తుంచుకుంది మొదటాయన. ఎంతసేపు జరిగింది అన్నది మనసు పెద్దగా పట్టించుకోదు, బాగా పొడుచుకున్న క్షణం, చివరి క్షణం, ఈ రెండే పట్టుకుంటుంది అంటాడు. నేను పుస్తకాలకి మార్కులేసేది కూడా ఇలాగే కదా! మూడొందల పేజీలు ఆనందంగా చదివి, ముగింపు కుదరకపోతే చెత్త పుస్తకం అని నలుగురికీ చెప్పిన ఘనత నాది.

ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం పుస్తకం అయిపోయాక. ప్రైమింగ్ అని ఒక అధ్యాయం ఉంటుంది, ఏదో ఒక మాట చూస్తే మనకి తెలీకుండానే మన ప్రవర్తన మారిపోతుంది అన్న ప్రయోగాలు. వీటిని నమ్మక తప్పదు అని చాలా గట్టిగా రాశాడు అందులో. తర్వాత వాటిలో కొన్నింటిని వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు. 2017లో ఒక సైకాలజీ బ్లాగులో ఆ అధ్యాయాన్ని చీల్చి చెండాడితే, నోబెల్ వచ్చిన పెద్దాయన అదే బ్లాగు కింద కామెంట్లోకొచ్చి, అవును, చాలినంత మందితో చెయ్యని స్టడీలని నేను అతిగా నమ్మాను అని ఒప్పుకున్నాడు. మనుషులు కొద్ది శాంపిల్ చూసి ఎలా మోసపోతారో జీవితమంతా చెప్పిన మనిషి సరిగ్గా అందులోనే పడ్డాడు, పడ్డానని చెప్పాడు కూడా. స్టీవెన్స్‌కి ఆ మాట అనడానికి మొత్తం నవల పట్టింది, అది కూడా ఒక్క వాక్యం.

డాక్టర్ అతుల్ గవాండే 'బీయింగ్ మోర్టల్' (2014), టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' (1886) జంటగా చదివా, అదీ ప్లాన్ చేసి కాదు. గవాండే పుస్తకం మొదట్లోనే ఇవాన్ ఇల్యిచ్ గురించి ఎత్తుకుంటాడు, మెడికల్ కాలేజీలో దాని మీద చర్చ పెట్టారట, అప్పుడు అదేదో పాతకాలం గొడవ అనుకున్నాట్ట. సరే అదేంటో చూద్దామని ఆయన్ని అక్కడే ఆపేసి టాల్‌స్టాయ్‌ని తెరిచా. చిన్న పుస్తకమే. కొత్తింట్లో కర్టెన్లు ఎలా కట్టాలో పనివాడికి చూపిద్దామని నిచ్చెన ఎక్కి జారి, పక్కటెముకల దగ్గర తగిలించుకుంటాడు ఒక జడ్జి, చివరికి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లోవాళ్ళూ డాక్టర్లూ అందరూ కలిసి ఏం పర్లేదు తగ్గిపోతుందని నాటకం ఆడుతుంటారు, నొప్పి కంటే ఆయనకి అది ఎక్కువ బాధ. గెరాసిమ్ అనే పనికుర్రాడొక్కడే అబద్ధమాడడు, ఆయన కాళ్ళు తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు.

దాన్లోంచి మళ్ళీ గవాండేకి వస్తే ఆ డాక్టరు గొంతు కొంచెం పత్రిక వ్యాసంలా నున్నగా అనిపించింది మొదట్లో. కానీ పక్షుల కథ దగ్గర పడిపోయా. ఒక నర్సింగ్ హోమ్‌లో కుర్ర డాక్టరు ముసలివాళ్ళకి తోడుగా రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, వంద చిలకలు తెప్పిస్తాడు. చిలకలు వచ్చేశాయి, పంజరాలు రాలేదు! తెచ్చినవాడు వందా తీసుకెళ్ళి బ్యూటీ సెలూన్‌లో వదిలి తలుపేసి వెళ్ళిపోయాడు. మంచం దిగని వాళ్ళు కూడా అద్దాలకి మొహాలు ఆనించి చూస్తూ పగలబడి నవ్వారట. చివర్లో గవాండే సొంత తండ్రికి వెన్నుపాములో ట్యూమర్ వచ్చినప్పుడు, పేషెంట్లని అడగమని అందరికీ చెప్పే ప్రశ్నలు ఈయన తండ్రిని అడగడానికి ఎంత తంటాలు పడ్డాడో రాశాడు. అక్కడ నున్నదనమంతా పోయింది.

సగంలో ఉన్నది స్వెత్లానా అలెక్సియేవిచ్ 'చెర్నోబిల్ ప్రేయర్', చెర్నోబిల్ అణు ప్రమాదంలో నష్టపోయినవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకం. మొదటి గొంతే ఒక ఫైర్‌మన్ భార్యది. కాళ్ళు వాచిపోయి ఏ బూట్లూ పట్టక భర్తని ఉత్త కాళ్ళతోనే పూడ్చారని చెప్తుంది. రచయిత మధ్యలోకి రాదు, ఓదార్చదు, వివరించదు. ఆ మాటల్ని ఏరి, కూర్చి పెట్టింది తనే అని తెలుసు, ఎంత ఏరిందో ఎంత వదిలేసిందో అని అనుమానం కూడా వస్తుంటుంది, అయినా ఆ భాగం అయ్యాక వారం రోజులు ముట్టుకోలేకపోయా. బుక్‌మార్క్ ఇంకా అక్కడే ఉంది.

ఈలోపు అక్క ఇషిగురోదే ఇంకోటి పంపింది, 'నెవర్ లెట్ మి గో'. ఇందులో కూడా నమ్మకూడని మనిషేనా చెప్పేది అని మెసేజ్ పెడితే నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.