గార తీసే క్లినిక్‌లో మిషన్‌కే గార: మా ఆటోక్లేవ్‌తో నా అనుభవం

నేను ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌ని, ఆరేళ్ళయింది చేరి. కనిగిరి వైపు మాది, ఇక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలతో రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, గార తీయించుకోడానికి వచ్చేవాళ్ళ సంగతి ఇంక చెప్పక్కర్లా. అట్టా పొద్దుగూకులు జనం పళ్ళ గార తీసే చోట, ఆ సామాను స్టెరిలైజ్ చేసే మిషన్‌కి వేలు మందాన గార పట్టి ఉంటే నాలుగేళ్ళు ఎవ్వరం చూళ్ళా. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు.

మాది టేబుల్ మీద పెట్టే 18 లీటర్ల బీ క్లాస్ ఆటోక్లేవ్, అంటే ముందు లోపలి గాలిని పంప్‌తో లాగేసి తర్వాత ఆవిరి పట్టించే రకం. అంతకు ముందు నిలువుగా ఉండే పాతది ఉండేది, అచ్చం పెద్ద కుక్కరే, 121 డిగ్రీల్లో 15 పౌండ్ల ప్రెషర్ మీద పెట్టి గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. కొత్తది 134 డిగ్రీలకి పోతుంది, అసలు స్టెరిలైజ్ అయ్యేది నాలుగు నిమిషాలే, గాలి లాగటం ఆరబెట్టటం అన్నీ కలిపి ముప్పావు గంట పైనే పడుతుంది. బటన్ నొక్కితే చాలమ్మా అంతా అదే చూసుకుంటుంది అని అమ్మినాయన చెప్పి వెళ్ళాడు, మేమూ అదే నమ్మాం. నీళ్ళు అయిపోయాయని బీప్ కొడితే ఆర్వో నీళ్ళు పోయటం, అవి లేకపోతే బిందెలో నీళ్ళు (డాక్టర్ సార్‌కి తెలీకుండా), ఇదీ మాకు తెలిసిన మెయింటెనెన్స్.

మొదట సామాను పెట్టి సీల్ చేసే పౌచ్‌లు తడిగా రావటం మొదలైంది. వానాకాలం కదా అనుకున్నా, దానికీ దీనికీ ఏం సంబంధమో ఇప్పటికీ నాకే తెలీదు. తర్వాత మౌత్ మిర్రర్ల మీద, ఫోర్సెప్స్ మీద సున్నం చల్లినట్టు తెల్ల చుక్కలు. డోర్ దగ్గర సన్నగా సుయ్‌మని శబ్దం. అయినా పౌచ్ మీద వేడికి రంగు మారే టేప్ చక్కగా నల్లబడుతోంది కదా, ఇంకేం కావాలి అని వాడుతూ పోయాం.

ఒకసారి సార్ విజయవాడలో ఏదో మీటింగ్‌కి వెళ్ళి, చిన్న చిన్న గాజు వయల్స్ ఉన్న డబ్బా, ఒక బుల్లి ఇంక్యుబేటర్ తెచ్చారు. స్పోర్ టెస్ట్ అంట. ఆ వయల్‌లో జియోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్స్ (గట్టి పెంకుతో నిద్రపోతున్నట్టు ఉండే రూపం) ఉంటాయి, వేడికి అంత తేలిగ్గా చచ్చే రకం కాదు, మనుషులకేమీ చేయదు. ఒకటి సామానుతో పాటు లోపల పెట్టి మిషన్‌ని ఒక సైకిల్, అంటే మొదట్నుంచి చివరిదాకా ఒక విడత నడపాలి, ఇంకోటి బయటే ఉంచాలి, తర్వాత రెంటినీ ఇంక్యుబేటర్లో పెట్టాలి. బయట ఉంచింది ఊదా రంగు పోయి పసుపు కావాలి, లోపల పెట్టింది ఊదాగానే ఉండాలి; పసుపైతే అందులో బ్యాక్టీరియా బతికున్నట్టు. మర్నాడు పొద్దున మూత తీసి చూస్తే రెండూ పసుపే. పచ్చగా, పసుపు నీళ్ళలా.

"టేప్ నల్లబడింది కదా సార్" అన్నా. "టేప్ చెప్పేది వేడి తగిలిందని, పురుగు చచ్చిందని కాదు" అన్నారు. ఇంకోసారి చేశాం, మళ్ళీ పసుపే. మిషన్ ప్లగ్ పీకేశాం.

అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఏందంటే, ముందెప్పుడూ ఈ టెస్ట్ చేయలేదు కాబట్టి ఎప్పట్నుంచి ఇట్టా ఉందో చెప్పటానికి మా దగ్గర ఏ ఆధారం లేదు. సార్ ఆ రోజు టీ కూడా తాగలా. సీల్ చేసిన పౌచ్‌లు ఎన్ని ఉంటే అన్నీ చింపి మళ్ళీ కడిగాం, సాయంత్రం పూట డబ్బాల్లో సర్దుకుని స్కూటీ మీద పక్క ఊళ్ళో సార్ ఫ్రెండ్ క్లినిక్‌కి తీసుకెళ్ళి అక్కడ స్టెరిలైజ్ చేయించుకొచ్చేదాన్ని, నాలుగు రోజులు. నొప్పితో వచ్చినవాళ్ళని తప్ప మిగతా అందర్నీ వచ్చే వారం రమ్మన్నాం.

ఐదో రోజు టెక్నీషియన్ అన్న వచ్చాడు. ట్యాంక్ మూత తీసి టార్చ్ వేసి, నన్ను పిలిచి చూడమన్నాడు. అడుగున వేడినీళ్ళ గీజర్ కాయిల్‌కి పట్టినట్టు తెల్లగా పెచ్చులు. ఫ్లోరైడ్ వల్లేనా అన్నా అని అడిగితే, ఫ్లోరైడ్ వేరు ఇది కాల్షియం మెగ్నీషియం అన్నాడు. ఆ తర్వాత సామాను పెట్టే ఛాంబర్ అడుగున ఒక మూల నుంచి చిటికెన వేలంత జాలీ ఒకటి విప్పి తీశాడు. అక్కడ అట్టాంటి ఫిల్టర్ ఒకటి ఉందనే నాకు తెలీదు! దానికి దూది పోగులు, పౌచ్ కాగితం ముక్కలు, గట్టిపడిన పళ్ళ సిమెంట్ పలుకులు, అన్నీ కలిసి నల్లగా జిగటగా మూసుకుపోయింది. నీళ్ళు బయటికి పోయే దారే లేకపోతే సామాను ఎట్టా ఆరుతుంది మరి.

ఇంక డోర్ గాస్కెట్. వేలితో కొంచెం లాగితే కింది వైపు అర అంగుళం చీలిక కనపడింది. ఇదేనమ్మా అసలు దొంగ అన్నాడు. "ఇంట్లో అమ్మ కుక్కర్‌కి విజిల్ ఎప్పుడు పెడుతుంది?" అని అడిగాడు. ఆవిరి బాగా వచ్చాక అన్నా. ఎందుకో చెప్పు అంటే తెల్ల మొహం వేశా. లోపలున్న గాలి పోవాలి, గాలి నిలిచిన చోటికి ఆవిరి చేరదు, ఆవిరి తగలని చోట క్రిమి చావదు, నీ మిషన్‌లో ఆ పని పంప్ చేస్తుంది, కానీ అది గాలి లాగుతుంటే ఈ చీలిక లోంచి మళ్ళీ గాలి లోపలికొస్తోంది, అన్నాడు. నాలుగేళ్ళ నుంచి వాడుతున్నా, ఆ పంప్ ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది.

తప్పు మిషన్‌ది మాత్రమే కాదులెండి. నేను పౌచ్‌ల్ని ట్రేలో చపాతీల్లా ఒకదాని మీద ఒకటి పేర్చేదాన్ని, త్వరగా అయిపోతుందని. వాటిని పుస్తకాల్లా అంచు మీద నిలబెట్టాలి, ఒకదాని కాగితం వైపు పక్కదాని ప్లాస్టిక్‌కి ఎదురుగా ఉండేట్టు, మధ్యలో సందుతో.

గాస్కెట్ మార్చి, కంపెనీ వాళ్ళ డీస్కేలింగ్ లిక్విడ్‌తో ట్యాంక్ కడిగి, పైపులన్నీ ఫ్లష్ చేసేసరికి చీకటి పడింది. నిమ్మ ఉప్పుతో మేం కడుక్కోవచ్చా అంటే మాన్యువల్లో రాయనిది ఏదీ పోయొద్దన్నాడు. అప్పటిదాకా నేను ఛాంబర్‌ని అప్పుడప్పుడు గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దేదాన్ని, ఒకసారి బ్లీచింగ్ కూడా వేశా, అది చెప్తే నెత్తి పట్టుకున్నాడు. పీచుతో గీతలు పడతాయి, క్లోరిన్‌కి స్టీలు గుంటలు పడుతుంది. సార్ కూడా ఒక మాట పడ్డారు. ఏసీ నీళ్ళు పట్టి పోద్దామా, అవీ డిస్టిల్డే కదా అన్నారు. ఆ కాయిల్ మీద దుమ్ము, బూజు కూడా వస్తాయి సార్, అన్నాడు అన్న.

ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్లు తెప్పిస్తున్నాం. బ్యాగులో టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపించేది) ఉంటుంది నాకు, సరదాగా అన్నిట్లో ముంచి చూశా: బోరు నీళ్ళు 1300 దాటింది, ఆర్వో 60, డిస్టిల్డ్ 2. ఒకసారి షాపాయన ఇచ్చిన క్యాన్‌లో 45 చూపిస్తే వెనక్కిచ్చేశా, గొడవ పెట్టుకున్నాడు గానీ ఇచ్చేశా.

రోజూ పొద్దున్నే మిషన్ చల్లగా ఉన్నప్పుడే గాస్కెట్‌నీ, అది ఆనే డోర్ అంచునీ తడి మెత్తటి బట్టతో తుడుస్తా, ఖాళీ ఛాంబర్‌తో వాక్యూమ్ టెస్ట్ (ఎక్కడైనా గాలి లీకవుతోందేమో చూసేది) పెట్టి ఈలోపు ఊడ్చుకుంటా. శనివారం సాయంత్రం ట్యాంక్ మొత్తం వంచేసి, ఛాంబర్, ట్రేలు తుడిచి, ఆ జాలీ విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడుగుతా (టూత్‌బ్రష్‌లకి మాకు కొదవా). సామాను లోపలికి వెళ్ళే ముందే రక్తం, సిమెంట్ లేకుండా అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో కడగటం, హ్యాండ్‌పీస్‌లకి (పళ్ళు డ్రిల్ చేసేవి) ఆయిల్ కొట్టటం, ఇవి ముందు నుంచీ చేసేవే, కాకపోతే జాలీలో ఏం దొరికిందో చూశాక చేయి ఇంకొంచెం గట్టిగా పడుతోంది. సోమవారం సోమవారం స్పోర్ టెస్ట్. రిజిస్టర్‌లో సైకిల్ నంబర్, డిగ్రీలు, ప్రెషర్, నా సంతకం.

రిపేరు అయిన రోజు చేసిన టెస్ట్ మాత్రం మర్చిపోలేను. వయల్ పెట్టి ఇంటికెళ్ళా గానీ మనసు అక్కడే ఉంది, పొద్దున్నే ఊడ్చే అక్క కంటే ముందే వచ్చి షటర్ తీయించా. బయటిది పసుపు. లోపలిది ఊదా. ఇంకో రోజు ఆగి చూడమన్నారు సార్, ఆగినా ఊదానే. ఫోటో తీసి పంపితే ఆయన దాని గురించి ఒక్క ముక్క అనలా, "పదింటికి రూట్ కెనాల్ ఉంది, ట్రే రెడీ చెయ్" అని మెసేజ్ పెట్టారు.