120 చెంచాలు

మా పాపకు తొమ్మిదో నెల నడుస్తుండగా విరేచనాలు పట్టుకున్నాయి. శనివారం పొద్దున మొదలై, చీకటి పడేసరికి తొమ్మిదిసార్లు నీళ్లలా పోయింది. మధ్యలో రెండు వాంతులు. పళ్లు మొలిచేటప్పుడు వచ్చే విరేచనాలే అయ్యుంటాయని ఇంట్లో అందరం అనుకున్నాం. పళ్లకీ వీటికీ సంబంధం లేదని, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి క్రిములు లోపలికి వెళ్తాయని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

"లంఖణం పరమౌషధం అన్నారు, కడుపు ఖాళీగా ఉంచమ్మా" అంది అత్తయ్య. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, నేనూ నమ్మాను. ఉగ్గు మానేశాను, నా పాలు కూడా తగ్గించాను. ఇంకో తప్పు పూర్తిగా నాదే. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ (ఒంట్లో తగ్గిన నీరు, ఉప్పులు భర్తీ చేసే పొడి) ప్యాకెట్‌లో సగం ఒక్క గ్లాసులో కలిపాను. చిక్కగా ఉంటే త్వరగా పనిచేస్తుందనుకున్నాను. అలా కలిపితే పసిపిల్లల ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికి వస్తుందట. నాలుగు చెంచాలు తాగి మిగతాది ఉమ్మేసింది, అదే మేలైంది.

ఆదివారం పొద్దునకి పాప కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది కానీ కన్నీళ్లు లేవు. ఆరు గంటలుగా ఒంటేలు పోయలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తే, ఒంట్లో నీరు ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి డాక్టరమ్మ పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలి చూసింది. పాప దాహంగా తాగుతోంది కాబట్టి సెలైన్ అవసరం లేదంది. మగతగా పడిపోయినా, తాగలేకపోయినా సంగతి వేరని చెప్పింది. పాప బరువు 8 కిలోలు. కిలోకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 600 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ పట్టాలి. మా ఆయన మెడికల్ షాపు నుంచి పళ్లరసం లాంటి డబ్బా తెచ్చారు. అందులో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయని పక్కన పెట్టించింది. (అలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆ వార్త చదివి నేను ఏడ్చేశాను.)

అక్కడే బల్ల మీద కూర్చున్నాం. 5 మిల్లీలీటర్ల చెంచా. రెండు నిమిషాలకొకటి. మొత్తం 120 చెంచాలు. ఇరవై దాటాక వాంతి చేసుకుంది. పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టమన్నారు. మధ్యలో అడిగినప్పుడల్లా పాలిచ్చాను. నా చెయ్యి లాగేస్తుంటే అత్తయ్య చెంచా అందుకుంది. చెంచాకో గీత చొప్పున మా ఆయన కాగితం మీద గీస్తూ ఉన్నారు. ఎనభై దాటాక పాప అత్తయ్య చీర తడిపేసింది. "పోసిందే తల్లీ, పోసింది!" అని ఆవిడ అరిచిన అరుపుకి వార్డంతా తిరిగి చూసింది.

ఇంటికొచ్చాక డాక్టరమ్మ చెప్పినట్టు తిండి ఆపలేదు. మెత్తటి పెసరపప్పు కిచిడీలో కాస్త నెయ్యి, పెరుగన్నం, చిదిమిన అరటిపండు. మొదటి రోజు రెండు ముద్దలే తింది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాను. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్. ఈసారి కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలిపి, 24 గంటలు దాటితే పారబోశాను. మోషన్లు ఆపే మందు మాత్రం రాయలేదు, పసిపిల్లలకి అది వేయకూడదట.

జింక్ మాత్ర 14 రోజులు వేయమన్నారు. రోజుకి 20 మిల్లీగ్రాములు, చెంచాడు నా పాలలో కరిగించి. ఐదో రోజుకి విరేచనాలు కట్టాయి. ఇక మాత్రలెందుకని నేను అంటే, ఈసారి అత్తయ్యే ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే చెంచా పట్టుకుని నా ముందు నిలబడేది. ఆ రెండు వారాలూ పాపకి రోజుకొక పూట అదనంగా కిచిడీ కూడా తనే పెట్టింది.