ఉప్పు యాడ పెట్టినావు?

మా పాపకు 11 ఏళ్లు. పుట్టింది, పెరిగింది డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో. పోయినేడు స్నేహితురాలి ఇంటికి ఈస్టర్ భోజనానికి పోయొచ్చి, బల్ల మీద ఏది ఎక్కడుండాలో నాకు చూపించింది. ఫోర్కు ఎడమకు, కత్తి కుడికి, కత్తి పదును పళ్లెం వైపుకు. "మన పండక్కి ఇట్లా ఏం లేదా అమ్మా?" అంది.

నేను కడపలో పెరిగినదాన్ని. అయినా నోట మాట రాలేదు. మా ఇంట్లో ఉగాదంటే కాగితం పళ్లాలు, అంగట్లో కొన్న బొబ్బట్లు, బల్ల నడుమ రెండు కొవ్వొత్తులు. ఆ ప్రశ్న ఏడాదంతా నన్ను పట్టుకునే ఉంది.

ఈసారి మార్చి 19న ఉగాది. పిల్లల వసంత సెలవులు ఆ వారమే. కడపకు వచ్చేసినాం.

పొద్దున్నే దేవుని కడప గుడికి పోయినాం. ఉగాది రోజు అక్కడ ముస్లింలూ వరసలో నిలబడి స్వామికి కొబ్బరికాయ కొడతారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, వేంకటేశ్వరుడు తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. మా అత్తమ్మ చెప్తుంటే పాప కళ్లు పెద్దవి చేసి విని, "అయితే వాళ్లకు భోజనం ఎవరు పెడతారు జేజీ?" అని అడిగింది. పండగంటే ఇంటికొచ్చినోళ్లకు అన్నం పెట్టడమని ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ అరిటాకులు పాప చేతికిచ్చింది. నీళ్లు చల్లి తుడిచి, తనకు తోచినట్టు పరిచింది.

"అట్ల కాదు మ్మే. కొస ఎడం పక్కకు రావల్ల."

"ఎందుకు జేజీ?"

"అన్నం కలుపుకునేది కుడిచేత్తో గదా? వెడల్పు ఆ పక్కనే ఉండల్ల."

పాప నా వైపు చూసింది. తన ప్రశ్నకు జవాబు దొరికినట్టే ఉంది ఆ చూపు.

ముందు ఉప్పు, ఎడం కొసన చిటికెడు. దాని పక్కన ఊరగాయ. పై వరసలో కూరలు, అలసంద వడలు. కింద మామిడికాయ చిత్రాన్నం, ఓళిగ (బొబ్బట్టు). అన్నం ఆఖర్న, మనిషి కూర్చున్నాకే, వేడి ఆరకుండా. ఇది మా అత్తమ్మ ఇంటి వరస. ఇంకో ఇంట్లో ఓళిగ ముందే పడొచ్చు. పచ్చని ఆకు మీద పసుప్పచ్చ చిత్రాన్నం, ఎర్రటి ఊరగాయ, తెల్లటి అన్నం. ఇంతకంటే బల్లకు ఏం అలంకారం కావాలి? పూలు గుమ్మానికి, జడకు చాలు.

మామయ్యకు మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేడు. ఆయన ఆకు బల్ల మీద వేసినాం, మిగతావాళ్లం చాపల మీద. రెండు చోట్లా వరస అదే. ఫ్రిస్కోలో మాకు నేల లేదు, చాప లేదు అని ఇన్నేళ్లూ మానేసినదానికి నాకు బాధేసింది.

మా ఏడేళ్ల పిల్లోడు చెంబు పట్టుకుని అందరికీ నీళ్లు పోసినాడు. "ఇంకొంచెం పొయ్యమంటావా తాతా?" అని అడగడం ఆ రోజే నేర్చుకున్నాడు. ఇంట్లో నేను తెలుగులో మాట్లాడమని ఎంత పోరినా ఇంగ్లీషులోనే బదులిచ్చేవాడు. చెంబు చేతికొస్తే మాట దానంతటదే వచ్చింది.

వెనక్కి వచ్చినాక వారం తిరక్కుండానే శ్రీరామనవమి. ఇండియన్ అంగట్లో గడ్డకట్టిన అరిటాకులు కొన్నాం. పాప వేడినీళ్లలో ముంచి తీసి, చిరగకుండా బల్ల మీద పరిచింది. పానకం గ్లాసులు, వడపప్పు సర్ది, జేజికి వీడియోలో చూపించింది.

అత్తమ్మ ఫోను కళ్ల దగ్గరికి లాక్కుంది.

"కొస సరిగ్గానే ఉంది. ఉప్పు యాడ పెట్టినావు మ్మే?"

పాప పరిగెత్తింది వంటింట్లోకి.