మెతుకు సీమలో ఒక రాత్రి

మా సంఘంలో కోశాధికారి పని నాకు అప్పగించి ఏడేళ్ళయింది. ఇంతవరకు ఒక్క రూపాయి తేడా రాలేదు. మొన్న జూన్ దాకా ఈ మాట గర్వంగానే చెప్పుకునేవాణ్ణి.

జూలై మొదటి శనివారం మధ్యాహ్నం నేనూ మా బాబాయీ బాలానగర్‌లో మెదక్ బస్సు ఎక్కాం. నాకు ముందు ఆ పద్దుల పుస్తకం చాలా ఏళ్ళు చూసింది బాబాయే. ఆ మరుసటి వారం, ఆదివారం నాడు, సంఘంలో నేను వాక్యం చెప్పాల్సి ఉంది. పాస్టరుగారు ఇచ్చిన భాగం మత్తయి సువార్త 24వ అధ్యాయం 45వ వచనం. నమ్మకమైనవాడు, బుద్ధిమంతుడు అయిన దాసుడు ఎవడని ప్రభువు అడిగే చోటు. నేను నాలుగు పేజీలు రాసి చూపిస్తే బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "అంతా నమ్మకం గురించే రాశావు. బుద్ధి ఎక్కడరా?" అని అడిగాడు. తరువాత, "మెదక్ చర్చి చూసి ఎన్నాళ్ళయింది నువ్వు? పద, పోయి వద్దాం" అన్నాడు.

నర్సాపూర్ అడవి మధ్యలో బస్సు టైరు పంచరైంది. గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. కాల్చిన మొక్కజొన్న కంకి కొనుక్కుంటే సగం నేను తిన్నాను, సగం కోతి లాక్కుపోయింది. బాబాయికి ఇలాంటి ఆలస్యాలంటే విసుగు లేదు. నాకేమో గడియారం చూసుకోవడమే సరిపోయింది.

మెదక్ చేరేసరికి పొద్దు వాలింది. 175 అడుగుల గంటగోపురం ఊళ్ళోకి వస్తుండగానే కనబడుతుంది. దగ్గరికి వెళ్ళి తలెత్తితే మెడ పట్టేస్తుంది. లోపలికి అడుగుపెట్టాం. నేల మీద రంగురంగుల పలకలు, వరుసగా రాతి స్తంభాలు. నేను ఆత్రంగా వెతికింది మాత్రం ఆ మూడు అద్దాల కిటికీల కోసం. పీఠం వెనుక ఆరోహణం, ఒక పక్క జననం, ఇంకో పక్క సిలువ. మూడూ నల్లటి పలకల్లా ఉన్నాయి. ఒక్క బొమ్మా తెలియలేదు. అక్కడున్న పెద్దాయన మా మొహాలు చూసి, "ఎండ ఉంటేనే కనబడతాయయ్యా. పొద్దున రండి" అన్నాడు. లైట్లు వేస్తే కనబడవా అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. కాంతి బయటినుంచి రావాలని ఆ తరువాత గానీ నాకు తట్టలేదు.

రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది. కిటికీ తెరిచి కూర్చుని బాబాయి పాస్నెట్ దొర సంగతి ఎత్తాడు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1914లో ఈ చర్చి పని మొదలైంది. అటు మొదటి ప్రపంచయుద్ధం, ఇటు కరువు. జనం ఆకలితో అల్లాడుతుంటే ఆయన వాళ్ళకు చర్చి కట్టే పని ఇచ్చి, కూలితో పూట గడిచేలా చేశాడు. పదేళ్ళ పని అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

కరువులో ఇంత పెద్ద కట్టడం ఏమిటన్న అనుమానం నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ మాటే అడిగాను. "గంజి పోసి పంపవచ్చు కదా?"

"గంజికి రోజూ చేయి చాపాలి. కూలి అయితే అడిగి పుచ్చుకుంటాడు."

"అయితే చెరువు తవ్వించవచ్చు. కూలికి కూలీ, ఊరికి నీళ్ళూ."

"తవ్వించవచ్చు" అని ఒప్పుకున్నాడు బాబాయి. కాసేపాగి, "అప్పుడు నిన్ను కోశాధికారిగా పెట్టి ఉంటే మాత్రం చెరువూ ఉండేది కాదు, చర్చీ ఉండేది కాదు. తీర్మానం కోసం చూస్తూ కూర్చునేవాడివి" అన్నాడు.

జూన్ సంగతి ఆయనకు తెలుసని అప్పుడు అర్థమైంది.

మా సంఘంలో ఒక అక్క ఉంది. భర్త పోయి మూడేళ్ళు. ఇళ్ళల్లో పని చేసి కూతుర్ని చదివిస్తోంది. పిల్లకు ఇంటర్‌లో సీటు వచ్చింది, ఆరువేలు కట్టాలి, సంఘంనుంచి సాయం చేయమని నన్ను అడిగింది. పేదల నిధిలో డబ్బుంది. కమిటీ తీర్మానం లేకుండా ఇవ్వకూడదన్న నియమమూ ఉంది. "వచ్చే ఆదివారం కమిటీలో పెడతాను అక్కా" అన్నాను. ఆ ఆదివారం సభ్యులు చాలినంతమంది రాలేదు. తరువాతి ఆదివారం ప్రహరీగోడ మీద వాదనతోనే పొద్దుపోయింది. మూడో ఆదివారం ఆరువేలు మంజూరైంది. నేను చెక్కు రాసేలోగా ఆమె కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టేసింది. "ఇప్పుడు అవసరం లేదులే తమ్ముడూ" అంది, ఏ కోపమూ లేకుండా. నేను ఆ చెక్కు రద్దు చేసి, రద్దు చేసినట్టు పుస్తకంలో రాసి, ఎర్రసిరాతో గీత కొట్టాను. లెక్క సరిపోయింది.

బాబాయి చీకట్లోనే బైబిలు తెరవకుండా వచనం చెప్పాడు. "యజమానుడు తన యింటివారికి తగినవేళ అన్నముపెట్టుటకు..." అక్కడ ఆపేశాడు. నా నాలుగు పేజీల్లో 'తగినవేళ' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఆ దాసుడి దగ్గర యజమాని ముందు అడిగేది పద్దు కాదు, అన్నం. అదీ ఆకలి వేళకు. నేను డబ్బు భద్రంగా కాపాడాను, నిజమే. ఆకలి ఎప్పుడు వేస్తుందో కమిటీని అడిగాను.

"ఈ సీమ పేరేమిటో తెలుసా? మెతుకు సీమ. మెతుకే మెదకు అయిందంటారు" అని బాబాయి అటు తిరిగి పడుకున్నాడు. నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. దోమలు కూడా ఒక కారణమే.

ఆదివారం తెల్లవారి మబ్బు పట్టింది. ఆరాధనకు వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాం. కిటికీలు బూడిదరంగులో ఉన్నాయి. రెండో కీర్తన మధ్యలో మబ్బు కాస్త విడింది. ఆరోహణం కిటికీలో ముందు నీలం, తరువాత ఎరుపు, చివరికి మనుషుల ముఖాలు. అందరూ పాడుతుంటే నేను పాట మరిచిపోయి చూస్తున్నాను. మూడు కిటికీలూ ఒకేసారి అమర్చినవి కావు. 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటి. వాటి కోసం అన్నేళ్ళు ఆగగలిగినవాళ్ళు కూలివాళ్ళ పూటను మాత్రం ఆపలేదు. దేనికి ఆగాలో, దేనికి ఆగకూడదో తెలియడమే బాబాయి అడిగిన బుద్ధి కాబోలనిపించింది. కీర్తన అయ్యేలోగా మళ్ళీ మబ్బు కమ్మింది.

బయటికి వచ్చాక గోడల రాళ్ళను తడుముతూ ఒక చుట్టు తిరిగాను. దొర పేరు అందరికీ తెలుసు. ఈ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అది మాత్రం నాకు కష్టంగా తోచింది. బాబాయితో అంటే, "వాళ్ళు తిన్నారు కదరా" అన్నాడు. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు, ఇప్పటికీ.

హైదరాబాదు చేరేసరికి చీకటి పడింది. బాబాయిని ఇంటి దగ్గర దింపి, నేను నేరుగా ఆ అక్క ఇంటికి వెళ్ళాను. దారిలో ఏటీఎంలో నా సొంత ఖాతానుంచి ఆరువేలు తీశాను. ఆమె రాత్రి వంటకు బియ్యం కడుగుతోంది. "కమ్మలు విడిపించుకో అక్కా" అని చేతిలో పెట్టాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి తమ్ముడూ?"

రసీదు పుస్తకం లేకుండా నేను గుమ్మం దాటిన రోజు ఏడేళ్ళలో లేదు. ఆవేళ మాత్రం ఆ పుస్తకం నా దగ్గర లేదు. అలవాటుకొద్దీ "వచ్చే ఆదివారం..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వి, అన్నం తినిపొమ్మంది.