బెంగాజీలో పాస్‌పోర్టు కోసం నలభై రోజులు

2014 అక్టోబరు 15. లిబియాలోని బెంగాజీ నగరం, లైతీ పేటలో మా గది. పొద్దున లేచేసరికి సందు మొదట్లో అడ్డంగా చెత్తకుండీలు, ఇసుక గుట్టలు. కాపలా ఉన్నది సైనికులు కాదు, కింది వాటా కుర్రాళ్లు. నిన్నటిదాకా అదే సందులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు!

మే 16న జనరల్ హఫ్తర్ ఊళ్లోని ఇస్లామిస్టు సాయుధ దళాల మీద 'కరామా' (గౌరవం) అనే దాడి మొదలుపెట్టినప్పుడు నాలుగు రోజుల గొడవేలే అనుకున్నాం. 2011లో గడాఫీ మీద ఈ రెండు వర్గాలూ కలిసి తిరగబడ్డవాళ్లే కదా. బెనీనా ఎయిర్‌పోర్టు ఆ నెలలోనే మూతపడింది. జూలై ఆఖరుకి అన్సార్ అల్ షరియా వాళ్లున్న ఇస్లామిస్టుల కూటమి, షూరా కౌన్సిల్, ఏకంగా సైన్యం ప్రత్యేక దళమైన సైకా స్థావరాన్నే పట్టేసింది. అప్పుడైనా బయల్దేరాల్సింది. మూడు నెలల జీతం రావాలని ఆగాను. ఆశ, ఇంకేముంది.

మా ల్యాబు యజమాని అందరి పాస్‌పోర్టులూ తన దగ్గరే పెట్టుకునేవాడు. ఆఫీసేమో సబ్రీ పేటలో. నవంబరుకల్లా సబ్రీ, సూక్ అల్ హూత్ రెండు పేటలూ తుపాకుల మధ్య ఇరుక్కున్నాయి. యజమాని ట్రిపోలీ చేరి, ఫోన్ చేసినప్పుడల్లా "బుక్రా, ఇన్‌షా అల్లా" అనేవాడు. రేపు, దేవుడి దయ ఉంటే! రాత్రిళ్లు గ్రాడ్ రాకెట్లు పడుతుంటే కిటికీకి పరుపు ఆనించి వరండాలో పడుకునేవాళ్లం. అమ్మ ఫోన్‌లో "ఆ శబ్దమేంట్రా?" అంటే పెళ్లి టపాసులని చెప్పాను. వారంలో మూడు పెళ్లిళ్లేంట్రా అంది.

చివరికి పాస్‌పోర్టు తెచ్చింది ఆఫీసు కాపలాదారు, సూడాన్ మనిషి. పెళ్లాం పిల్లలతో సబ్రీ వదిలి వస్తూ, సొరుగు పగలగొట్టి మా నలుగురివీ రొట్టెల సంచిలో వేసుకొచ్చాడు. యాభై దీనార్లిస్తే వద్దనలేదు. ఆయనకీ పిల్లలున్నారు.

ఎగ్జిట్ ముద్ర పడ్డాక, మర్జ్, బైదా మీదుగా లబ్రాక్ ఎయిర్‌పోర్టుకి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు టాక్సీ. దారి పొడుగునా చెక్‌పోస్టులు. అందరివీ ఒకే రకం మచ్చల యూనిఫాంలు, ఎవరు ఎటువైపో డ్రైవరుకే తెలియాలి. ఒకచోట అమ్మ పంపిన కారప్పొడి డబ్బా మూత తీసి వాసన చూసినవాడు తుమ్మలేక చచ్చాడు. వెనకున్నవాళ్లు నవ్వి మమ్మల్ని వదిలేశారు.

2017 జూలైలో హఫ్తర్ గెలిచామని ప్రకటించాక యూట్యూబ్‌లో సబ్రీ చూశాను. మా ఆఫీసు వీధి ఏదో పోల్చుకోలేకపోయాను. జీతం ఇంకా రాలేదు.